దేవదానమన్న చూపు తప్పలేదు

రాష్ట్రం వచ్చిన సంబరానికి గోదావరిఖని చౌరస్తాల్లో కట్టిన తోరణాలు ఇంకా విప్పలేదు. ఆ ఉదయం నేను మా గ్యారేజీలో ఓ లారీ కింద వెల్లకిలా పడుకుని కమాన్ కట్టలు బిగిస్తుంటే ఫోను మోగింది. "అన్నా, వంకర దేవన్న పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే ఒరిగిండట" అన్నాడు పక్క షెడ్డులో టైర్లు చేసే రాజేశం. చేతిలోని పానా జారి ఛాతీ మీద పడింది. నొప్పి తెలియలేదు. అంతటి సౌమ్యమూర్తి అంత నిశ్శబ్దంగా వెళ్లిపోవడం ఒక దెబ్బ. చావుకబురులో కూడా ఆయన పేరు ముందు 'వంకర' అన్న మాట వచ్చి కూర్చోవడం రెండో దెబ్బ. ఆ మాట ఆయనకు తగిలించింది నేనే. ఆయన జ్ఞాపకార్థం చర్చిలో జరిగే ఆదరణ కూడికకు వచ్చేవాళ్ల చేతుల్లో పెట్టే ఈ చిన్న పుస్తకంలో దాన్ని ఆయన పేరు మీంచి తీసేయాలని నా ప్రయత్నం. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాడి రాత కనుక తప్పులుంటే నావే. అసలు ఈ కథలో తప్పులన్నీ నావే.

వెల్డర్ దేవదానం గారి తండ్రి బొగ్గు బాయిలో తట్ట మోసిన మనిషి. దేవదానమన్న చాలా ఏళ్లు కంపెనీ వర్క్‌షాపులో పనిచేశాడు. ముందుగానే రిటైర్మెంట్ తీసుకుని జ్యోతినగర్ పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. నిరాడంబరుడు, నిష్కపటి, మితభాషి. మితభాషి అంటే ఎంతంటే, నేను గంటసేపు మాట్లాడితే ఆయన ఒక్క 'ఊఁ' అనేవాడు. ఆ ఊఁ కోసం నేను ఇంకో గంట మాట్లాడేవాణ్ని.

ఆదివారం ఆయన షెడ్డు తెరిచేది లేదు. కానీ ఆరాధన ముగించుకుని వస్తున్న దారిలో ఎవరి బండైనా ఆగిపోయి కనిపిస్తే, తాళం తీసి, ఆ చర్చి బట్టలతోనే పనికి కూర్చునేవాడు. నిప్పురవ్వలు పడి ఆయన తెల్ల చొక్కాలన్నిటికీ సన్నటి చిల్లులు. "అన్నా, నీ అంగీకి ఇన్ని కిటికీలుంటే తలుపెందుకు పెట్టియ్యలే" అని నేను ఏడిపిస్తే, "ఎండకాలం సుఖం తమ్మి, నువ్వు కూడ కుట్టిచ్చుకో" అనేవాడు మొహంలో నవ్వు లేకుండా. చనిపోయాక ఆయన ఒంటి మీద వేసిన చొక్కా కూడా అలాంటిదే. ఆయన భార్య మార్తక్క వెతికిందట, చిల్లులు లేనిది దొరకలేదట.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. ఇనుము మీద సుద్దబిళ్లతో గీత గీసి, అక్కడే వదిలేసి, అన్నానికి పోయేవాడు. తిని వచ్చి, ఆ గీతను మళ్లీ కళ్లు చికిలించి చూసి, అప్పుడు దాని వెంట సుత్తితో పంచ్ కొట్టి చుక్కలు పెట్టేవాడు. చుక్కలు పడ్డాకే కోత. ఇంత ఆలస్యమెందుకని అడిగితే ఒకనాడు రెండు వాక్యాలు మాట్లాడాడు, అందుకే నాకు గుర్తుంది. "ఆకలి మీద కన్ను జల్ది జేస్తది. ఇనుముకు మొహమాటం లేదు తమ్మి, కోస్తే కోసినట్టే." దేవన్న అతికిన అతుకును మళ్లీ దేవన్నే విప్పాల్సిన అవసరం ఏనాడూ రాలేదని డ్రైవర్లంతా చెప్పుకునేవారు. ఆ కీర్తిని పోగొట్టిన పని గురించే ఇప్పుడు చెప్పాలి.

రాష్ట్రం కోసం చేసిన పెద్ద సమ్మెకు నాలుగైదేళ్ల ముందటి మాట. అప్పుడు నేను ఓ కాంట్రాక్టర్ దగ్గర డ్రైవర్ని. గోదావరి అవతలి అడవిలో బొగ్గు జాడ కోసం బోర్లు వేయడం ఆయన పని. బురదలో, ఇసుకలో, రాళ్లలో పైపులు మోయడానికి నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని, ఓ చిన్న లారీకి మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మిన ముందు ఇరుసును తెచ్చి బిగించాలనుకున్నాడు. ఇరుసు గట్టిదే, కానీ వెడల్పు. చక్రాలు రెండు పక్కలా బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చాయి. అడవి దారిలో ఒక వాగు మీద సన్నటి వంతెన, దానికి అటూ ఇటూ కాపు రాళ్లు. ఆ రాళ్ల మధ్య ఈ చక్రాలు పట్టవు. ఇరుసును పొట్టి చేయాలి. మంచిర్యాల దాకా ఎవరూ ఒప్పుకోలేదు. దేవన్న ఇరుసు చుట్టూ రెండుసార్లు తిరిగి 'ఊఁ' అన్నాడు.

తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఇరుసంటే పైకి ఓ లావాటి ఇనుప గొట్టం. లోపల చక్రాన్ని తిప్పే కడ్డీ ఉంటుంది. పళ్లచక్రాలుండే గుండు మధ్యలో కాకుండా ఓ పక్కకు ఉంటుంది కనుక గొట్టం ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి. అన్న స్క్రాపులో వెతికి ఇంకో పొట్టి కడ్డీ సంపాదించాడు. పొడుగు వైపు గొట్టాన్ని దానికి సరిపడా కోసి, చక్రాన్ని పట్టుకునే చివరి ముక్కను మళ్లీ అతకాలి. ఇబ్బందల్లా అక్కడే. ఆ ముక్క మునుపు ఎంత వాలుగా ఉందో అంతే వాలుగా కూర్చోవాలి. అగ్గిపుల్లంత తిరిగినా బండి సీదాగా పోదు. అందుకని కోయకముందే గొట్టం పొడుగునా ఒక గీత గీసి, అతికేటప్పుడు ఆ గీత ఈ చివరా ఆ చివరా కలిసేట్టు చూస్తారు. గుండ్రటి గొట్టం మీద చేత్తో సీదా గీత రాదు. ఎల్ ఆకారపు యాంగిల్ ముక్కను దాని మీద బోర్లిస్తే అది తనంతట తానే సీదాగా కూర్చుంటుంది. అన్న దాని అంచు వెంట గీత గీశాడు. ఇంతలో సైరన్ కూసింది. చేతులు కడుక్కుని అన్నానికి పోయాడు.

షెడ్డులో నేను మిగిలాను. ఇరుసు నిండా గడ్డకట్టిన పాత గ్రీజు. అన్న వచ్చేసరికి తళతళలాడించాలని కిరోసిన్ గుడ్డతో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తుడిచేశాను. తుడిచాక చూస్తే గీత లేదు. చెప్పేస్తే అయిపోయేది. ఆయన ఊఁ అని మళ్లీ గీసేవాడు. కానీ ఊరందరి మీదా నవ్వే నాకు, నా మీద ఒకరు నవ్వితే పడదు. సుద్దబిళ్ల తీసి, యాంగిల్ లేకుండా, చేత్తోనే ఇంకో గీత గీశాను. చూడ్డానికి బాగానే ఉంది. యాంగిల్ ఎందుకు పెడతారో నాకు ఆనాడు తెలియదు.

అన్న వచ్చి వంగి చూసి "గీత జర లావైంది" అన్నాడు. "గీతను ఇడిసి గ్రీజు తుడిసిన, కిరోసిన్ తడికి గట్ల లావైందే" అన్నాను. నమ్మాడు. చుక్కలు కొట్టాడు. కోశాడు. అతికాడు.

బండిని వాగు దగ్గరికి తీసుకుపోయాం. తాను చేసిన బండిలో మొదట తానే కూర్చోవడం అన్నకు అలవాటు. నా పక్క సీట్లో కూర్చున్నాడు. వంతెన ఎక్కకముందే స్టీరింగ్ ఎడమకు గుంజడం మొదలుపెట్టింది. సగం దూరం రెండు చేతులా ఆపాను. తర్వాత ఆగలేదు. ఎడమ చక్రం కాపు రాయిని ఎక్కి, మూతి వాగు మీదికి వేలాడింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. అవతలి ఒడ్డున కాంట్రాక్టరూ, పదిమంది బోరు కూలీలూ నిలబడి చూస్తున్నారు. కాంట్రాక్టర్ వచ్చీ రాగానే నన్ను అందుకున్నాడు, రేపటి నుంచి పనికి రావద్దన్నాడు.

అన్న అప్పటికే దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో వంగి, ఒక చక్రాన్నీ రెండో చక్రాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. లేచి నిలబడి, "కొమురయ్యను ఏమనకుండ్రి సారు. బండి ఆయన చేతుల లేదు. నా కన్ను తప్పింది" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. అందరూ చూస్తుంటే నాకు భయమేసింది. భయమేస్తే నాకు జోకు వస్తుంది. "సారు, గిది లారీ కాదు, మా బావ. కల్లు తాగి ఇంటికొస్తుంటే గిట్లనే ఎడమకు గుంజుతడు. ఇయ్యాల్టి సంది ఈయన దేవన్న కాదు, వంకర దేవన్న" అన్నాను. కూలీలు పగలబడి నవ్వారు. కాంట్రాక్టర్ కూడా నవ్వాడు, నా ఉద్యోగం నిలబడింది. నవ్వేవాళ్లు గీత ఎవరు గీశారని అడగరు. దేవన్న కూడా నవ్వాడు, నీళ్లలో నిలబడి.

మర్నాడే అతుకు విప్పి, దారానికి బరువు కట్టి రెండు చక్రాల వాలూ సరిచూసి, మళ్లీ అతికాడు. ఆ బండి ఆ తర్వాత ఏళ్ల తరబడి అడవిలో తిరిగింది. ఆ వంతెన మీద నేనే ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. అతుకు వెంట్రుకంతైనా చిట్లలేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. 'వంకర' మాత్రం బండి కంటే ముందు నది దాటి ఖనికి వచ్చేసింది.

దేవన్న కళ్ల దవాఖానకు పోయాడు. దగ్గరి చూపుకు అద్దాలిచ్చి, మిగతా అంతా బాగుందని పంపేశారు. ఆయన నమ్మలేదు. ఇరుసులు, స్టీరింగ్ పనులు ముట్టుకోవడం మానేశాడు. ఎవరైనా వస్తే కొత్తగూడెంలో ఫలానా ఆయన ఉన్నాడని దారి చెప్పేవాడు. నేను గ్యారేజీ పెట్టుకున్నాక ఓసారి బతిమాలితే, "మనుషుల పానం కూసునే పని ఇగ నాతోని కాదు తమ్మి" అన్నాడు. అంతటి హస్తకౌశలం చివరి ఏళ్లన్నీ గేట్లూ కిటికీ గ్రిల్సూ చేసింది. ఈ ఊళ్లో ఎన్ని ఇళ్ల కిటికీలు ఆయన దుఃఖానికి సాక్ష్యాలో నాకు తెలుసు.

సమ్మె రోజుల్లో రోడ్ల మీద వంటావార్పు చేసేవాళ్లం. అన్నం వండే పెద్ద గంజు పెట్టడానికి అన్న మూడు కాళ్ల ఇనుప పొయ్యి చేసి తెచ్చాడు. రోడ్డు వాలుగా ఉండటంతో గంజు ఓ పక్కకు ఒరిగింది. "వంకర దేవన్న పొయ్యి, అన్నం కూడ వంకరనే ఉడుకుతది" అన్నారెవరో. వరసంతా నవ్వింది. రోడ్డు వాలని ఆయన అనొచ్చు. అనలేదు. చిన్న రాయి వెతికి తెచ్చి ఒక కాలి కింద పెట్టి, పక్కకు పోయి కూర్చున్నాడు. ఆయన పక్కనే కూర్చుని నేను రెండు ముద్దలెక్కువే తిన్నాను.

సమాధి చేసిన మూడోనాడు మార్తక్క దగ్గరికి పోయి ఇదంతా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. అప్పుడు అంది: "అద్దాలు తెచ్చుకున్న దినం సంది పొద్దుగాల లేవంగనే క్యాలెండర్ ముంగట నిలబడుతుండె. ఒక కన్ను చేత్తోని మూసి సదువుడు, మల్ల ఇంకో కన్ను మూసి సదువుడు. 'ఏ కన్ను మోసం జేసిందో దొరుకుతలేదు మార్తా' అంటుండె. పోయిన పొద్దు కూడ చూసిండు కొమురయ్యా. చూసి వచ్చే చాయ్ తాగిండు."

నేను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నాకు చెప్పుడెందుకు? ఆ వంకర మాట నలుగుర్ల పెట్టినవు. ఇది కూడ నలుగుర్ల పెట్టు."

పెడుతున్నాను. వెల్డర్ దేవదానం గారి రెండు కళ్లూ ఏనాడూ మోసం చేయలేదు. ఆయన గీసిన గీత సీదాగా ఉంది. దాన్ని తుడిచింది నేను, దొంగగీత గీసింది నేను, నా కూడు పోకుండా ఆయన నీళ్లలో నిలబడి తప్పు మీద వేసుకుంటే ఆ మనిషికే ఎగతాళి పేరు పెట్టింది నేను. ఇనుము కోసేవాళ్లు ఈ ఖనిలో ఇంకా ఎందరో వస్తారు. పక్కవాడి అన్నం కోసం తన కీర్తిని కోసి ఇచ్చే మనిషి నాకైతే మళ్లీ కనిపించడు. అన్నా, నీ ముందు చేతులు జోడిస్తున్నాను. బతికుండగా జోడించాల్సిన చేతులివి.

ఇది చదివాక ఆయన్ను దేవదానం గారని పిలవండి. నన్ను మాత్రం మీకు తోచిన పేరుతో పిలవండి, ఏ పేరుకైనా పలుకుతాను.