వాకిట్లో ఆగిన ఫట్‌ఫటీ

దయ్యాలంటే నాకు మొదటినుంచీ చులకనే. మా ఛత్రినాకలో ఎవరికైనా గాలి సోకిందంటే, గాలీ కాదు గీలీ కాదు, రాత్రి తిన్నది అరగలేదని అనేవాణ్ణి. అమ్మ తిట్టేది. మోటార్ల షెడ్డులో పనిచేసేవాడికి ఒక నమ్మకం ఏర్పడిపోతుంది. ఏ చప్పుడైనా ఎక్కడో వదులైన నట్టు నుంచే వస్తుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది అనుకుంటాడు. నేనూ అంతే. ఇప్పుడు చెప్పబోయే చప్పుడుకి మాత్రం నాకు ఏ నట్టూ దొరకలేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు దసరా నాటి సంగతి ఇది. నేను అఫ్జల్‌గంజ్‌లో ఒక షెడ్డులో మెకానిక్‌ని. మా అక్క లక్ష్మి, బావ యాదగిరి మా వాకిట్లోనే ఎదురు గదిలో ఉండేవారు. బావది నల్లాల మహకమాలో, అంటే నీళ్ళ శాఖలో, పైపుల పని. మిలిటరీ వాళ్ళు పారేసిన ఫట్‌ఫటీలు తుక్కు కింద షెడ్డుకి వస్తే, వాటిలో పనికొచ్చే తునకలు ఏరుకుని మేమిద్దరం చెరొక బండి తయారు చేసుకున్నాం. ఫట్‌ఫటీ అంటే మోటారు సైకిలే. మా వైపు దాన్ని ఇంకో పేరుతో ఎవరూ పిలవరు.

నిజాం రాజ్యంలో శుక్రవారం సెలవు. వారమంతా కూపన్ల పెట్రోలు పొదుపు చేసుకుని, ఆ పొద్దు చాంద్రాయణగుట్ట దాటి, పహాడీ దర్గా వెనకాల గుట్టల్లోకి పోయేవాళ్ళం. అక్కడ రోడ్డుండదు. మేకలు నడిచే దారి, బండలు, కాలు జారే గరుసు, తుమ్మముళ్ళు. మాకు కావలసిందీ అదే. నిలబడి నడపాలి, బండి ఎటు జారితే ఒళ్ళు అటు వదలాలి, గరుసు మీద మాత్రం బ్రేకు తొక్కకూడదు. ఈ మాట బావకి ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. క్లచ్చి పిడి విరగ్గొట్టుకున్నాడు, హ్యాండిలు వంచుకున్నాడు, ఒకసారి నాగజెముడు పొదలో వెల్లకిలా పడి, రెండు రాత్రులు బోర్లా పడుకున్నాడు. అయినా మూడోనాటి సాయంత్రం మళ్ళీ చెయిను విప్పి కిరోసిన్లో కడుగుతూ, వచ్చే శుక్రవారం ఏ గుట్ట ఎక్కుదామని అడిగేవాడు.

ఒకసారి బండరాయి తగిలి బావ బండి సైలెన్సర్ చిరిగింది. ఉస్మాన్‌గంజ్‌లో రేకు డబ్బాలు చేసే ఖాజా భాయ్ మాకు మంచి దోస్తు. అతను సైలెన్సర్‌కి ఒక రేకు ముక్క చుట్టి రివిట్లు కొట్టి ఇచ్చాడు. ఒక రివిట్ కొంచెం వదులుగా ఉండిపోయింది. అప్పటినుంచి ఆ బండి ఫట్‌ఫట్‌ల మధ్య టింగుమని రేకు మోగేది. ఇంకొక దెబ్బ వేయమని నేనంటే ఖాజా నవ్వాడు.

“ఉండనీ భాయ్. యాదగిరి వస్తున్నడని భాభీకి దూరంకెల్లే ఎరుకైతది.”

నిజమే. గల్లీ మలుపులో ఆ టింగు వినబడగానే అక్క కంచం పెట్టేది.

ఇక దసరా పొద్దు. ఆ రోజు ఇంట్లో పనిముట్లకి పూజ. పానాలు, సుత్తి, పట్టకారు అన్నీ కడిగి, సంచీతో సహా పీట మీద పెట్టి పసుపు కుంకుమ పెడతాం. పూజయ్యాక మర్నాడు పొద్దున వరకూ వాటిని ఎవరూ ముట్టకూడదు. ఏడాదంతా మనకి చాకిరీ చేసిన వాటికి ఆ ఒక్క రోజు విశ్రాంతి అని మా నాయన పెట్టిన పద్ధతి. బండ్లకీ బొట్లు పెట్టాం. అయితే బండి ఎక్కడానికి మా ఇంట్లో అడ్డు లేదు. దసరా నాడు పాలపిట్టని చూడాలి కదా, ఊరి బయటికి పోక తప్పదు.

మాలో ఎవరూ గుట్టల్లోకి ఒంటరిగా పోకూడదని ఒక ఒప్పందం ఉండేది. ఆ రోజు నేను మాంసం కోసే పనిలో చిక్కుకున్నాను. బావకి ఓపిక లేదు. “నేను పోయి పిట్టను చూసి, జమ్మి తెంపుకొని వస్త. నువ్వు కూర కానియ్యి బామ్మర్దీ,” అని బయల్దేరాడు. పనిముట్ల సంచీ ఎప్పుడూ అతని బండి వెనకే కట్టి ఉండేది. ఆ రోజు పీట మీద ఉంది. అది లేకుండా పోతున్నాడన్న ఆలోచన నాకూ రాలేదు, అతనికీ రాలేదు.

అన్నం వేళ దాటింది. బావ రాలేదు. ముల్లు గుచ్చుకుని ట్యూబు పోయి ఉంటుంది, తోసుకుంటూ వస్తున్నాడు అనుకున్నాం. అక్క తినలేదు. ఎండ వాలుతుంటే నా బండి తీసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. మేమెప్పుడూ పోయే దారి అంతా తిరిగాను, గొంతు పోయేలా అరిచాను. బండల మీద చక్రాల జాడ కూడా నిలవదు. మేకల కాపరి ఒకతను కనబడితే అడిగాను. పొద్దున ఒక ఫట్‌ఫటీ పోవడం చూశానన్నాడు. తిరిగి రావడం చూడలేదన్నాడు. ఆ గుట్టల్లో చీకటి పడితే హైనాలు తిరుగుతాయి. నలుగురిని వెంట తెచ్చుకుందామని ఇంటికి తిరిగాను.

నేను చేరేసరికి పండుగ కదా అని ఖాజా భాయ్ వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ గుమ్మంలో ఉంది. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు. గల్లీలో ఎవరెవరు ఉన్నారో ఎవరిని పిలవాలో మాట్లాడుకుంటున్నాం.

అప్పుడు వినబడింది. గల్లీ మలుపులో ఫట్ ఫట్, మధ్యలో టింగు.

నా ప్రాణం లేచొచ్చింది. అమ్మ రెండు చేతులూ జోడించింది. అక్క లోపల్నుంచి చెంబుతో నీళ్ళు తీసుకుని వచ్చింది. ముఖంలో కోపం, కళ్ళలో నీళ్ళు.

“వచ్చిండు. రానియ్యి, చెప్త ఆయన సంగతి.”

చప్పుడు దగ్గరకొచ్చింది. మా వాకిలి ముందు ఆగింది. ఇంజను ఆగలేదు, నిమ్మళంగా కొట్టుకుంటూ ఉంది. నేను లేచి బయటికి వచ్చాను. అక్క నా వెనకే ఉంది.

వాకిట్లో ఎవరూ లేరు. బండి లేదు. పొద్దున అమ్మ వేసిన ముగ్గు మీద, నేను నా బండిని గోడవారగా తోసిన గీత తప్ప కొత్త గీత ఏదీ లేదు. చప్పుడు మాత్రం మా ముందు, చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. తర్వాత అది మెల్లగా గల్లీ చివరికి జరిగి, గుట్టలున్న దక్షిణం వైపు తిరిగిపోయింది. అక్క చేతిలోని చెంబు కింద పడింది.

ఖాజా అరుగు దిగి నా పక్కకి వచ్చాడు. “నా రేకే అది శంకర్ భాయ్. నేను కొట్టిన రేకు నాకెరుక లేదా?”

నేను బండి తీశాను. వెనక ఎక్కబోతూ ఖాజా ఆగి, పనిముట్లేవని అడిగాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పీట వైపు చూసింది. సంచీ దాని మీదే ఉంది. ఖాజా చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి పీట ముందు నిలబడ్డాడు.

“అమ్మా, మీ పూజ లెక్కల నేను రాను గదా. నేను ముడితే మీకు తప్పు లేదు.”

“తీస్కపో బిడ్డా,” అంది అమ్మ. ఖాజా కుంకుమ బొట్లున్న ఆ సంచీని చంకన పెట్టుకుని నా వెనక కూర్చున్నాడు.

గుట్టల దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడివైపు మేము పోయేది. ఎడమవైపు పాడుబడిన రాళ్ళ గని. అటు గరుసు ఎక్కువని మేమెప్పుడూ పోలేదు. అక్కడ ఇంజను ఆపి చెవి రిక్కించాను. ఎడమవైపు నుంచి అదే చప్పుడు. ఇద్దరం ఒకేసారి అటు చూశాం.

దశమి వెన్నెల్లో గని అంచున మళ్ళీ ఆపాను. ఒక పెద్ద బండ వెనక నుంచి టింగు టింగుమని స్పష్టంగా వినబడుతోంది. నిజం చెప్తాను, నాకప్పుడు భయం లేదు. బండి నడుస్తోందంటే మనిషి బాగున్నట్టే అనిపించి నవ్వొచ్చింది కూడా. బండ చుట్టూ తిరిగాను. తిరగగానే చప్పుడు ఆగిపోయింది.

బావ గోతిలో పడి ఉన్నాడు. బండి అతని కుడికాలి మీద ఉంది. మోకాలి కింద రక్తం గడ్డకట్టి, ఇంకా కొంచెం కొంచెం కారుతోంది. బతికున్నాడు. నా గొంతు విని కళ్ళు తెరిచాడు. నేను ఏడ్చేశాను.

బండిని ఎత్తబోయాం. కదల్లేదు. హ్యాండిలు ఒక రాయి చూరు కింద ఇరుక్కుంది, ఫుట్‌రెస్టు కాలిని రాతికి అదిమి పట్టింది. ఫుట్‌రెస్టు నట్టు విప్పి కడ్డీ లాగితేనే కాలు వస్తుంది. ఖాజా సంచీలోంచి పానా తీసి ఇచ్చాడు. నట్టు బిగుసుకుపోయి ఉంది, సుత్తితో పానా మీద కొడితే కదిలింది. ఎండ వాలేటప్పుడు నేను ఒట్టి చేతులతో వచ్చినప్పుడు అతను కనబడి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకిప్పటికీ తెలియదు.

కాలు బయటికి వచ్చాక ఖాజా తన రుమాలుతో గట్టిగా కట్టాడు. ఆ తర్వాతే నేను బండిని చూశాను. కార్బురేటర్ రాయికి తగిలి రెండు ముక్కలయింది. పెట్రోలంతా కారి, ఇంకి, మట్టి ఎండిపోయింది. ఇంజను మీద చేయి పెట్టాను, చల్లగా ఉంది. సైలెన్సర్ బండికి లేనే లేదు. జారినప్పుడు ఊడి పైన గరుసులో పడి ఉంది, ఖాజా రేకు దాని నుంచి విడిపోయి ఇంకొక చోట ఉంది. అది మోగడానికి వీల్లేదు.

“ఎట్ల దొరికిననురా మీకు?” అన్నాడు బావ.

“నీ బండి చప్పుడు ఇని వచ్చినం,” అన్నాను.

“ఏ చప్పుడు? పొద్దటిసంది ఈడ కౌజుపిట్టల కూతలే గని ఇంకోటి లేదు.”

పాలపిట్ట గని వైపు ఎగిరితే దాని వెంట పోయాడట. గరుసులో జారి, అలవాటు ప్రకారం బ్రేకు తొక్కాడట. మేము వచ్చేదాకా మధ్యమధ్య స్పృహ వస్తూ పోతూ ఉందట. ఇంటి గురించి ఏమైనా తలుచుకున్నావా అని తర్వాత అడిగాను. దాహం తప్ప ఇంకేమీ గుర్తు లేదన్నాడు.

దర్గా దగ్గర వాళ్ళు మంచం ఇచ్చారు, ఎడ్లబండి కట్టారు. అఫ్జల్‌గంజ్ పెద్దదవాఖానలో డాక్టరు కాలు చూసి, తెల్లారేదాకా అక్కడే ఉండి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు. కబురు తెలిసి అక్క వచ్చింది. ముందు బావ కాలి వేళ్ళు ఒక్కొక్కటీ ముట్టి చూసింది. అవి వెచ్చగా ఉన్నాయని తెలిశాక అతన్ని తిట్టడం మొదలుపెట్టింది. వార్డులో అందరూ లేచి కూర్చున్నారు. బావ కళ్ళు మూసుకుని హాయిగా విన్నాడు. ఆ తిట్లు వింటుంటే నా గుండెల మీది నుంచి బండ దింపినట్టయింది.

అది ప్రతిధ్వని కావచ్చని షెడ్డులో ఒకాయన అన్నాడు. మిలిటరీ వాళ్ళ బండి ఏదో అటు పోయి ఉంటుందని ఇంకొకాయన అన్నాడు. మా గల్లీలోకి ఏ మిలిటరీ బండీ రాలేదు. విన్నది నేనొక్కణ్ణే కాదు, నలుగురం విన్నాం. అమ్మ ఇదంతా మా అమ్మవారి దయ అంటుంది. ఖాజా పహాడీ బాబా దయ అంటాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు కాదనరు. నాకు చెప్పుకోవడానికి అలాంటి మాట కూడా ఒకటి లేదు. ఎంత ఆలోచించినా దానికి కారణం తెలియదు, తెలిసినట్టు నటించలేను.

బావ కాలు కొంచెం కుంటిగా అతుక్కుంది. ఫట్‌ఫటీ మళ్ళీ ఎక్కాడు, గుట్టలూ ఎక్కుతున్నాడు, అక్క తిడుతూనే ఉంది. ఇది రాస్తుంటే ఎదురు గదిలోంచి అతని గురక వినబడుతోంది. ఈ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం నాకు బాగా తెలుసు.