తెడ్డు మీద గదువ

రామారెడ్డి మండలంలో ఒకప్పుడు ఊరికి నాలుగైదు బెల్లం గానుగలు ఉండేవి. ఇప్పుడు మండలమంతా వెతికినా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి పోచయ్యది. డెబ్బై రెండేళ్ల మనిషి. నలభై ఐదేళ్లుగా చలికాలం వచ్చిందంటే ఆయన చోటు ఒకటే. ముందు మండే పొయ్యి మీద పెద్ద పెనం, దాని ఒడ్డున ఒక రాతి దిమ్మె, చేతిలో నిలువెత్తు టేకు తెడ్డు. గాంధారి తండాల నుంచి, ఎల్లారెడ్డి దిక్కు నుంచి రైతులు ట్రాక్టర్లలో చెరుకు వేసుకుని అంత దూరం వచ్చేది గానుగ కోసం కాదు, పోచయ్య చేతి పాకం కోసం.

అలాంటి పోచయ్యకు మతి పోయిందని ఇంట్లో తేల్చేశారు.

తేల్చింది కొడుకు హరీష్. చెడ్డవాడేం కాదు, తండ్రి అంటే ప్రాణం. కాకపోతే తొందర మనిషి. పొద్దున చెప్పింది సాయంత్రానికి అడిగితే పోచయ్య “నాకెవలు చెప్పిన్రు?” అనేవాడు. నలుగురూ నవ్వాక ఒక క్షణం ఆగి తానూ నవ్వేవాడు. ఏం చెప్పినా “ఆఁ” అని తలూపి, చెయ్యకుండా వదిలేసేవాడు. అన్నిటికన్నా హరీష్‌ను భయపెట్టింది వేరే. పెనంలో పాకం కుతకుత ఉడుకుతుంటే, ముసలాయన తెడ్డు పిడి మీద గదువ, అంటే గడ్డం, ఆనించి కళ్లు మూసుకునేవాడు. పొయ్యి ముందు కునుకు! ముందుకు తూలితే ఇంకేమన్నా ఉందా? బరువు తెడ్డు తండ్రికి భారమైందనుకుని, కామారెడ్డి పోయి, రబ్బరు పిడి తొడిగిన అల్యూమినియం గొట్టంతో తేలికపాటి తెడ్డు చేయించి తెచ్చాడు. ఆ వారంలోనే రెండు పెనాల పాకం మాడి తారులా నల్లబడింది. నలభై ఐదేళ్లలో ఎన్నడూ జరగని పని. హరీష్ అనుమానం కాస్తా గట్టిపడింది.

తండ్రిని బండి మీద ఎక్కించుకుని పట్నంలో ఒక డాక్టరుకు చూపించాడు. బయట జనరేటరు మోగుతోంది, డాక్టరు మూతికి మాస్కు. ఈ రోజేం వారం, ఇది ఏ నెల, నేను చెప్పిన మూడు పేర్లు తిరిగి చెప్పు అని అడిగాడట. పోచయ్య అన్నిటికీ నవ్వి “ఆఁ” అన్నాడట. వయసు మతిమరుపు అని మాత్రలు రాసిచ్చారు. వచ్చే సోమవారం నుంచి పెనం దగ్గర కూర్చోవడానికి ఎల్లారెడ్డి నుంచి మల్లన్న అనే ఆయనను మాట్లాడి వచ్చాడు హరీష్. ఇక బాపు ఇంటిపట్టునే ఉంటాడన్నాడు. ఆ మాట పోచయ్యకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా యాది ఉండదనుకున్నారు.

ఇదంతా కోడలు త్రివేణికి మింగుడు పడలేదు. ఆమె అంగన్‌వాడీ టీచరు. రెండేళ్ల కింద ఆమె దగ్గరికి వచ్చే ఒక పిల్లను మందబుద్ధి అన్నారు అందరూ; చివరికి చూస్తే ఆ పిల్లకు చెవిలో చీము, అంతే. ఆ సంగతి మనసులో మెదిలి, శుక్రవారం సాయంత్రం టీవీ బందు చేసి, మామ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. మొహం కనపడేటట్టు నెమ్మదిగా నాలుగు పనులు చెప్పింది. అంగన్‌వాడీ సెంటరుకు పాలు దింపాలి. అక్కడి ఆయా ప్రమీలమ్మతో గుడ్లు వచ్చాయని చెప్పాలి. దూడకు సూది వేయించాలి. గానుగలో చెరుకు రసం మురికి విరగడానికి సున్నం సంచి తేవాలి. పోచయ్య ఆమె పెదవుల వంకే చూస్తూ విన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి నాలుగు పనులూ అయిపోయాయి. పైగా సున్నం పక్క ఊరి దుకాణం నుంచి తెచ్చాడు.

“మన దుకాణంల తేలేదేంది మామా?” అని ఎదురుగా నిలబడి అడిగింది.

“ఇరవై ఏండ్ల కింద, రాళ్లవాన వడ్డ ఏడాది వాడు ఇసుక కలిపిన సున్నం ఇచ్చిండు బిడ్డా. మూడు పెనాలు మురికి ఇరగకనే ఆగమైనయి. అప్పటిసంది వాని దగ్గర తెస్త లేను.”

త్రివేణికి కళ్లు చెమర్చాయి. ఇరవై ఏళ్ల నాటి ఇసుక గుర్తున్న మనిషికి మతిమరుపా! నలభై ఐదేళ్లు పక్కన ఫట్‌ఫట్‌మని కొట్టుకున్న గానుగ డీజిల్ ఇంజను ఆయన చెవులను కొంచెం కొంచెంగా తినేసింది. “ఏంది?” అని రెండుసార్లు అడిగితే అవతలివాళ్లు విసుక్కుంటారు. అందుకని మూడోసారి అడగకుండా తలూపడం నేర్చుకున్నాడు. పెద్దమనిషి సిగ్గు అది. దాన్ని పట్టుకుని ఇంటిల్లిపాదీ పిచ్చివాణ్ణి చేశారు.

ఆ పూటే మొగుడికి చెప్పింది. “చెవులల్లకు పోని మాట యాదిల యాడికెళ్లి ఉంటది? ముందుగాల చెవుల డాక్టరుకు చూపెట్టాలె.”

“సరే, వినవడ్త లేదనే అనుకుందాం. మరి పెనాలు ఎందుకు మాడినయి?” అన్నాడు హరీష్. “బెల్లం చెవులతోని వండుతరా?”

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్కపోతే సోమవారం మల్లన్న వచ్చి ఆ రాతి దిమ్మె మీద కూర్చుంటాడు.

ఆదివారం పొద్దున్నే గాంధారి దిక్కు తండా నుంచి హీర్యా అనే రైతు ట్రాక్టరు నిండా చెరుకుతో దిగాడు. కూతురు అంజలి పెళ్లికి బెల్లం కావాలి. రేపు రమ్మన్నాడు హరీష్.

“కోసిన చెరుకు రేపటిదాంక పులవకుంట ఉంటదా? పోచన్న ఉన్నడు గద!”

“బాపుకు పానం మంచిగ లేదన్నా. పాకం మాడితే మల్ల నన్ననొద్దు.”

“పోచన్న మాడగొడ్తే నా బిడ్డ పెండ్లిల మాడిన బెల్లమే పెడ్త, పో!” అని హీర్యా మోపులు దింపించాడు.

పోచయ్య కొత్త తెడ్డు అందుకుని పెనంలో రెండుసార్లు తిప్పి, పక్కన పెట్టేశాడు. ఇంటి వెనక్కి నడిచాడు. అక్కడ త్రివేణి వేసిన సొర పందిరికి గుంజగా నిలబెట్టింది ఆయన పాత టేకు తెడ్డే. పనికిరానిదని ఆమే పాతింది. పోచయ్య దాన్ని ఊడబెరికి, కడుక్కుని, భుజాన పెట్టుకుని వచ్చాడు. పందిరి ఒక పక్కకు ఒరిగిపోయింది.

రసం మరిగింది, మురికి తేలింది, తీసేశారు. పాకం ఎర్రబడేసరికి పోచయ్య దిమ్మె మీద కూర్చుని, తెడ్డు ఒక కొస పాకంలో ముంచి, రెండో కొస గదువ కింద ఆనించి కళ్లు మూసుకున్నాడు.

“చూసినవా? మల్ల కునుకు!” హరీష్ ముందుకు ఉరికాడు. త్రివేణి చెయ్యి పట్టి ఆపింది. ఆమె చూపు మామ చూపుడు వేలు మీద ఉంది. ఆ వేలు తెడ్డు మీద ఆగకుండా కొడుతోంది. పెనంలో బుడగలు చిన్నగా, వడివడిగా పగులుతున్నప్పుడు వేలు వడిగా కదిలింది. పాకం చిక్కబడి బుడగలు బరువుగా పగిలేకొద్దీ వేలూ నిదానించింది. కునికే మనిషి వేలు అట్లా లెక్క తప్పకుండా కదలదు.

వేలు ఆగింది. పోచయ్య కళ్లు తెరిచి చెయ్యెత్తాడు.

“ఇంకా కాలే!” అన్నాడు హరీష్. పెనం దించేవాళ్లు అతని వైపు చూడనైనా చూడలేదు. దించేశారు.

హీర్యా కాస్త పాకం తీసి నీళ్లలో వేసి, ఉండ చేసి, ఇత్తడి పళ్లేనికేసి విసిరాడు. ఠంగుమంది; పాకం సరిగ్గా కుదిరింది. గానుగ చుట్టూ ఉన్న అందరూ విన్నారు, పోచయ్య తప్ప. ఆయన అటు తిరిగి కూడా చూడలేదు. తెడ్డు అంచున అంటిన పాకం తుడుచుకుంటున్నాడు.

రెండో పెనం ఉడుకు పట్టాక త్రివేణి మామను అడిగి తెడ్డు కొసకు తన గదువ ఆనించింది. ఇంజను మోతలో చెవులకు ఏమీ తెలియడం లేదు గానీ, దవడలో, పళ్లలో పాకం గుడగుడ కదిలింది. కొత్త తెడ్డు రబ్బరు పిడికి గదువ ఆనిస్తే ఏం తెలుస్తుంది? తెలియకనే కదా రెండు పెనాలు మాడాయి! మొగుణ్ణి పిలిచి ఆ దిమ్మె మీద కూర్చోబెట్టింది. హరీష్ బిడియంగా వంగి గదువ ఆనించాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

పోచయ్య కొడుకును చూసి నవ్వాడు. ఈసారి ఎవరూ నవ్వకముందే నవ్వాడు.

“నువ్వు రెండో తరగతిల ఉన్నప్పుడు తొడ మీద కూసోవెట్టుకొని గిట్లనే ఆనిచ్చిన. ‘బాపూ, పండ్లల్ల కప్పలు అరుస్తున్నయి’ అన్నవు. ఆ దినం తెల్లంగి ఏసుకున్నవు, అంగి నిండ పాకం వూసుకున్నవు. మీ అవ్వ నిన్నొదిలి నన్ను తిట్టింది. యాదికున్నదా కొడుకా?”

హరీష్ ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. అంగీ లేదు, కప్పలు లేవు, అమ్మ తిట్టూ లేదు. లేచి, వెళ్లి ఇంజను ఆపి వచ్చాడు. తండ్రి ఎదురుగా, మొహం కనపడేటట్టు నేల మీద కూర్చున్నాడు.

“లేదు బాపూ,” అన్నాడు నెమ్మదిగా. “మల్లొక్కసారి చెప్పు.”