అడుగు అన్నారు మేడం

ఒక మాటను తప్పుగా చదివి సరైన జవాబుకు చేరితే, ఆ తప్పును ఏమని పిలవాలి? దీనికి ఇప్పటికీ సమాధానం దొరకలేదు. జరిగింది మాత్రం ఇది.

పాల్వంచలో ఒక కాలేజీ. అందులో ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు జంపయ్య. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఆయన ఊరు. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయి కొలువులో చేరాడు. ఇరవై ఆరేళ్లుగా ల్యాబ్ గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, లోపల చెప్పే పాఠాలన్నీ వింటూ వచ్చాడు. పిల్లలు పారేసిన రికార్డు పుస్తకాల వెనక పేజీల్లో ఎప్పుడూ ఏవో అంకెలు వేస్తూ ఉంటాడు. హాజరు లెక్కలని కొందరు, మట్కా నంబర్లని కొందరు. మట్కా అన్నవాళ్లను ఆయన కాదనేవాడు కాదు. "తగిల్తే మీకే చాయ్ తాపిస్త" అనేవాడు.

పద్మప్రియ అక్కడ ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. వైరా దగ్గరి రైతుల అమ్మాయి. క్వాంటం మెకానిక్స్ సమీకరణాన్ని కంప్యూటర్ మీద సాధించడం ఆమె ప్రాజెక్టు. స్ప్రింగుకు కట్టినట్టు ఊగే ఒక కణానికి శక్తి ఎంతో తేల్చాలి. ఎంతో తెలియదు కాబట్టి ముందు ఒక అంకె ఊహించుకోవాలి. ఆ అంకెతో తరంగాన్ని ఎడమ కొస నుంచి కొంచెం కొంచెంగా గీసుకుంటూ కుడి కొసకు రావాలి. ఊహ కుదిరితే తరంగం తోక అక్కడ సున్నా గీత మీద పడుకుంటుంది. కుదరకపోతే పైకి లేస్తుంది, లేదా కిందికి దూకుతుంది. అప్పుడు ఊహ మార్చి మళ్లీ మొదటి నుంచి. పుస్తకం ప్రకారం 0.5 రావాలి. పద్మప్రియకు 0.492 దగ్గర తోక హాయిగా పడుకుంది. ఎన్నిసార్లు లేపినా అక్కడే పడుకుంటోంది.

మర్నాడే వైవా. బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు పోయినేడు ముగ్గురిని ఫెయిల్ చేసిన మనిషి. ప్రాజెక్టు పోతే ఏడాది పోయినట్టే. గైడు సువర్ణ మేడం తెలుగు మీడియంలో చదివి వచ్చినావిడ. మార్జిన్‌లో తెలుగులోనే రాస్తుంది, అదీ ఒక్క మాటకు మించి రాయదు. 0.492 పక్కన ఎర్రసిరాతో 'అడుగు' అని రాసి, పేపర్లు దిద్దడానికి హైదరాబాద్ వెళ్లిపోయింది. ఫోన్ స్విచాఫ్.

అడుగు అంటే, ఎవరిని అడగాలి? ల్యాబ్‌లో త్రాసు పళ్లేలు తుడుస్తున్న జంపయ్య తప్ప ఇంకెవరూ లేరు.

"బాబాయ్, మేడం అడగమని రాశారు. ఎవరినో రాయలేదు. నిన్నే అడుగుతున్నా, ఇదెందుకు తప్పొస్తోంది?" అంది పద్మప్రియ. గొంతులో ఏడుపూ ఉంది, వేళాకోళమూ ఉంది.

జంపయ్య చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. చదివి మీసాల్లో నవ్వుకున్నాడు.

"గిది అడగమని గాదు బిడ్డా. అడుగు జూసుకోమని. ఎంతెంత అంగలేస్తున్నవ్ నువ్వు?"

"అంగలేంటి?"

"ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని అడుగులల్ల వచ్చినవ్?"

స్టెప్ సైజు. పద్మప్రియకు అప్పుడు వెలిగింది. ప్రోగ్రాంలో అర యూనిట్‌కు ఒక అడుగు పెట్టి, ఆ సంగతే మరిచిపోయింది.

"మా ఊరి బాటల గట్ల అంగలేస్తే గుంటలన్నీ దాటుకుంట వస్తవ్. ఇంటికొచ్చి, బాట సాపుగున్నదంటవ్. సగం జెయ్యి."

సగం చేసింది. 0.498 వచ్చింది.

"తప్పు ఎంతుండె, ఎంతైంది?"

"వెయ్యో వంతుల్లో ఎనిమిది ఉండేది. రెండయింది."

"అడుగు సగమైతే తప్పు పావైంది. మళ్ల సగం జెయ్యి. మళ్ల పావే అయితే నీ లెక్క మంచిదే, అంగే పెద్దది. కాకపోతే లెక్కలల్లనే దొంగ ఉన్నడు."

మళ్లీ సగం చేసింది. 0.4995. దొంగ లేడు.

"నీకివన్నీ ఎలా తెలుసు బాబాయ్?"

జంపయ్య ఒక రికార్డు పుస్తకం వెనక్కి తిప్పి చూపించాడు. అదే తరంగం, పెన్సిల్‌తో, వరసలు వరసలుగా అంకెలు. ఒక్క జవాబుకు పదకొండు రోజులు పట్టిందట.

"మిషన్‌కు కాళ్లు నొయ్యవు, ఎన్ని అడుగులన్న ఏస్తది. నాకు చెయ్యి నొస్తది. అందుకే ఎంత అడుగైతే సాలో ముందుగాల జూసుకుంట."

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదే?"

"ఎవరడిగిన్రు?"

ఆ మర్నాడే జంపయ్య కొలువుకు ఆఖరి రోజు కూడా. సాయంత్రం నాలుగింటికి సన్మానం పెట్టారు. శాలువా కొన్నారు, సమోసాలకు చెప్పారు. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. వైవా ఎన్నింటికని మాత్రం రెండుసార్లు అడిగాడు.

వైవాలో ఎగ్జామినరు సూటిగానే మొదలుపెట్టాడు. "ఈ అంకెను నేనెందుకు నమ్మాలమ్మా?"

పద్మప్రియ మూడు అంకెలనూ బోర్డు మీద రాసి, అడుగు సగమైన ప్రతిసారీ తప్పు పావుకు ఎలా పడిందో చూపించింది.

"ఏ పుస్తకంలో చదివావు?"

"పుస్తకం కాదండీ. జంపయ్య బాబాయ్ చెప్పాడు."

మంచినీళ్ల గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు జంపయ్య. ఎగ్జామినరు ఆయన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "అయితే మీరే చెప్పండి. అడుగు ఎంత చిన్నదైనా పెట్టుకోవచ్చా?"

"వద్దు సార్. మరీ చిన్నగేస్తే పొద్దుగూకుతది. పైగా అడుగడుక్కు కాలికింత మన్నంటుతది. అదంతా జమైతే కాలు లేవదు."

ఎగ్జామినరు నవ్వలేదు. "దశాంశాల కొసలు తెంపుతూ పోతే పేరుకునే తప్పు. మన్నంటే అదే" అని తనలో తను అనుకుని, మార్కుల కాగితం ముందుకు లాక్కున్నాడు.

జంపయ్య గ్లాసులు బల్ల మీద పెట్టాడు. స్క్రీన్ మీద తోక సున్నా గీత మీద పడుకుని ఉంది. దాన్ని కాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి ల్యాబు తాళాల గుత్తి తీసి గ్లాసుల పక్కన ఉంచి బయటికి నడిచాడు. చాయ్ తేవడానికి అనుకుంది పద్మప్రియ.

ఫస్ట్ క్లాసు అని చెప్పడానికి ఆమె పరుగున వచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ లచ్చిరాం ఖైనీ నలుపుకుంటున్నాడు.

"జంపన్ననా? రెండింటి బస్సుకు పోయిండు గద."

"అదేంటి, సన్మానం ఉందిగా?"

"నేను గదే అన్న. అమ్మాయిది అయిపోయింది గద అన్నడు, బస్సెక్కిండు."