జ్వరం వస్తేనే వరన్నం

షుగర్ వచ్చిందని డాక్టరు అన్నం మాన్పించారు. ఈ ఉదయం నా కంచంలో రాగి సంగటి పడింది.

సోగత్తూరులో మా చిన్నప్పుడు రోజూ సంగటే. జ్వరం వస్తేనే వరన్నం. మీ ఇళ్లలోనూ అంతే కదా?

ఎనిమిదేళ్లప్పుడు నేను దొంగ జ్వరం తెచ్చుకున్నాను. చారన్నం దొరికింది కానీ, అమ్మ మంచం దిగనివ్వలేదు. రెండో రోజు వంటింట్లోంచి, సంగటిలోకి చేసే అనపగింజల పులుసు వాసన వచ్చింది. అబద్ధమని ఒప్పుకుంటే దెబ్బలు, ఒప్పుకోకపోతే మళ్లీ చారన్నం.

"అమ్మా, జొరం పోయింది. నాకూ సంగటి పెట్టు."

"యాడ పోయిందిరా? ఇంకా రెండు దినాలు పండుకో," అంది అమ్మ, నా నుదురు ముట్టకుండానే.

ఇప్పుడు పక్కింటి కుక్కర్లోంచి అన్నం వాసన వస్తోంది. ఈసారి నా జబ్బు నిజం.