బల్లకు ఆ చివర

సామాన్లు మోసే ఆయన్ని అందరూ వెనకడుగు అనే పిలుస్తారు. పిరికివాడని కాదు. మేడ మీది బీరువాని కిందికి దించాలంటే కింది చివర పట్టుకున్నవాడు వెనక్కి నడుస్తూ మెట్లు దిగాలి. ఆ చివర ఎప్పుడూ ఆయనదే. వీపుకి కళ్ళుండవు కాబట్టి పై చివర పట్టుకున్నవాడి కళ్ళే ఆయన కళ్ళు. ఆ పైవాడు ఆయన బావమరిది, భార్యకి సొంత తమ్ముడు. పెళ్ళికి వచ్చిన కానుకలన్నీ ఎప్పుడో విరిగిపోయాయి గానీ ఇతను మాత్రం గట్టిగా నిలిచాడు.

ఇద్దరికీ మాటల్లేక కొన్ని నెలలైంది. అద్దాల బీరువా ఒకటి దించుతుంటే మలుపులో గోడకి తగిలి అద్దం పగిలింది. ఇంటావిడ ఇదేమిటని నిలదీస్తే బావమరిది, "మా బావకి వయసు మీద పడుతోందండీ" అన్నాడు. అద్దం సంగతి వెనకడుగు అక్కడే మర్చిపోయాడు. వయసు మాట మాత్రం మింగుడు పడలేదు.

అప్పట్నుంచి ఇంట్లో కబుర్లన్నీ వెనకడుగు భార్య మీదుగానే నడుస్తున్నాయి, ముగ్గురూ ఒకే చోట భోంచేస్తున్నా సరే.

"రేపు పొద్దున్నే రమ్మని మీ తమ్ముడితో చెప్పు."

"పొద్దున్నే అంటే ఎన్నింటికో చెప్పమను అక్కా."

"నేనేమన్నా టెలిఫోన్ తీగనా? ఇక కూర కావాలన్నా సరే, ఒకళ్ళనొకళ్ళు అడుక్కోండి" అని ఆవిడ గిన్నె మీద మూత పెట్టేసింది.

ఆ పూట ఇద్దరూ కూర లేకుండానే తిన్నారు.

పని మాత్రం ఆగలేదు. "మెట్టు", "మలుపు" అని నోటితో చెప్పడం మానేసి బావమరిది పట్టు సడలకుండా వేలితో చెక్కని తట్టేవాడు. ఒక దెబ్బ మెట్టు, రెండు దెబ్బలు మలుపు. అది వెనకడుగుకి చెవిలో కాదు, అరచేతిలో తెలిసేది. ఈ పద్ధతి మొదలయ్యాక ఏ గోడకీ గీత పడలేదు. ఆ సంగతి ఇద్దరూ గమనించారు, ఇద్దరూ ఒప్పుకోలేదు.

ఇంతలో బావమరిది ఒక గోదాములో పని చూసుకున్నాడు. అక్కడ బరువు యంత్రమే మోస్తుంది, మనిషి మీటలు లాగితే చాలు. వచ్చే నెలనుంచి రమ్మన్నారు. ఆ కబురూ అక్క మీదుగానే వచ్చింది. "మంచిది" అన్నాడు వెనకడుగు. మర్నాడే ఒక కొత్తవాణ్ణి పిలిచి, పై చివర పట్టించి చూశాడు. మొదటి మెట్టు దగ్గరే తన కాలు కదల్లేదు. ఆ వచ్చినవాడు పాపం గొంతు చించుకుని అరిచాడు, "మెట్టు! మెట్టు!" అని. అరిచేవాణ్ణి నమ్మడం వెనకడుగుకి చేతకాలేదు. బావమరిది వెళ్ళిపోతే ఆయన పనీ అంతటితో సరి.

అలాంటి రోజుల్లో మెదళ్ళ మీద పరిశోధన చేసే చోట సామాను మార్చే పని తగిలింది. అక్కడి పెద్దావిడకి బావమరిది మెదడు డాక్టరమ్మ అని పేరు పెట్టాడు. వీళ్ళు పలుకూ ఉలుకూ లేకుండా బీరువా దించడం ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"మీరు మాట్లాడుకోరా?"

"వాడితో నాకు మాటల్లేవండీ."

"ఆయనతో నాకూ లేవండీ."

"మరి ఇదెలా?"

"ఇది పని కదండీ" అన్నారు ఇద్దరూ ఒకేసారి. అన్నాక మొహాలు తిప్పుకున్నారు.

ఆవిడ వదల్లేదు. తీగలున్న టోపీలు పెట్టి, పొడుగు బల్లకి చెరో చివరా కూర్చోబెట్టి మధ్యలో తెర దించింది. ముందు కాసేపు, అవతలివాడు మీట నొక్కగానే వెలిగే దీపాన్ని చూస్తూ ఇద్దరూ కలిసి నొక్కాలి. తర్వాత దీపం ఉండదు, ఎవరిష్టం వాళ్ళది.

"కలిసి పని చేసేటప్పుడు ఒకరి మెదడు రెండోవాళ్ళు చెయ్యబోయేది ముందే ఊహిస్తుంది. తప్పితే దిద్దుకుంటుంది. దిద్దుకోగా దిద్దుకోగా ఇద్దరి మెదళ్ళలో అలలూ ఒక లయకి వస్తాయి. అదే చూస్తున్నాను."

"ఇష్టం లేకపోయినా వస్తాయా?" అన్నాడు బావమరిది.

"ఇష్టాన్ని నేను కొలవడం లేదు" అని ఆవిడ ఇద్దరి చెవులూ మూసేసింది.

కలిసి నొక్కినప్పుడు కంప్యూటర్ తెర మీద రెండు గీతలూ జోడెడ్లలా నడిచాయి. ఎవరిష్టం వాళ్ళదన్నప్పుడూ అలాగే నడిచాయి. ఆవిడ తీగలన్నీ తడిమి చూసి, చెవుల మూతలు తీసింది.

"విడివిడిగా నొక్కమన్నాను కదా?"

"విడిగానే నొక్కానండీ."

"నేనూ అంతే. ఆయనే నన్ను చూసి నొక్కి ఉంటాడు."

"తెర లోంచా?"

ఆవిడ బల్ల మీద అరచెయ్యి ఆనించి మళ్ళీ నొక్కమంది. నొక్కారు. ఆవిడ పెదవి కొరుక్కుంది.

"బల్ల! చెక్కలోంచి తెలిసిపోతోంది మీకు. ఇప్పటిదాకా రాసుకున్నదంతా కొట్టెయ్యాలి."

చిన్న బల్లలు రెండు తెప్పించి, విడివిడిగా వేసి, మళ్ళీ నొక్కించింది. ఈసారి గీతలు దేని దారిన అది పోయాయి. ఆవిడ తృప్తిగా రాసుకుంది.

టోపీ తీసేస్తూ బావమరిది ఆవిడతోనే అన్నాడు. "ఇందాకటిలా లేదండీ. బీరువా మెట్ల మీదుండగా అవతల చెయ్యి వదిలేసినట్టుంది."

కుర్చీ కింద తన కాలు ఇంతసేపూ మెట్టు కోసం వెతుకుతున్న సంగతి వెనకడుగుకి అప్పుడే తెలిసింది.

"ఆ పొడుగు బల్ల ఇక నాకొద్దు. పోతూ పోతూ దించేస్తారా?" అంది డాక్టరమ్మ.

ఎత్తారు. ఎప్పటిలాగే చెక్కలోంచి మెట్లు తెలుస్తున్నాయి. మలుపు దగ్గర మాత్రం దెబ్బలు రాలేదు.

"మలుపు, బావా."

వెనకడుగు ఆగాడు. "తట్టచ్చుగా?"

"తట్టీ తట్టీ వేలు వాచింది."

"మరి గోదాముకెళ్ళు. తట్టే పనుండదు."

"వెళ్ళను. ఆ యంత్రానికి బావమరిది అక్కర్లేదట."

బల్ల మలుపులో అలాగే నిలిచిపోయింది. బరువు మాత్రం ఇద్దరి చేతుల్లోనూ ఉంది.

"ఆ వయసు మాట?"

"పడలేదంటావా?"

"పడుతోంది. ఊళ్ళోవాళ్ళకి చెప్పడమెందుకు?"

"ఇకమీదట చెప్పను. దిగు, చేతులు పీకుతున్నాయి."

దిగారు. గోడకి గీత పడలేదు.

ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బావమరిది ఒక ముద్ద నోట్లో పెట్టుకుని తలెత్తాడు.

"ఉప్పెక్కువైంది కదా, బావా?"

"ఇవాళేమిటి, ఎన్నాళ్ళబట్టో" అన్నాడు వెనకడుగు.

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, గిన్నె తన వైపు లాక్కుంది. ఆ పూట కూడా ఇద్దరూ కూర లేకుండానే తిన్నారు.