లిఖిత ఎక్కిన గుర్రం

2022 అక్టోబరు. నరసరావుపేటలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. రాజుపాలెం వైపు నుంచి కోటమ్మ అనే ఆవిడ ఐదేళ్ల మనవరాలు లిఖితను చంకనేసుకుని బస్సు దిగి వచ్చింది. పిల్లకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు దెబ్బ తగిలి కండరాలు చెప్పిన మాట వినకపోవడం. మాటలు మాత్రం గలగలా మాట్లాడేది.

"వచ్చే జూన్‌లో బళ్లో ఏత్తామంటే, గంటసేపు బెంచీ మీద తనంతట తాను కూకుంటేనే చేర్చుకుంటానన్నాడమ్మా మేష్టారు" అంది కోటమ్మ.

లిఖిత తొడల లోపలి కండరాలు బిగుసుకుపోయి, కాళ్లు కత్తెరలా ఒకదాని మీదొకటి పడేవి. దీన్ని సిజరింగ్ అంటాం. ఇలాంటి పిల్లల్ని బోల్‌స్టర్ అనే పొడవాటి గుండ్రటి దిండు మీద, చెరోవైపు ఒక కాలు వేసి కూర్చోబెడతాం. కండరాలు సాగుతాయి, నడుము నిలుస్తుంది. లిఖితకేమో ఆ దిండును చూస్తేనే ఏడుపు. మూడు నెలలైనా ఫలితం లేదు. నేను వదులు చేసి పంపిన కాళ్లు వారం తిరిగేసరికి మళ్లీ కొయ్యబారి వచ్చేవి. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది.

"ఇంటి దగ్గర ఎక్సర్‌సైజులు చేయించకుండా నా దగ్గరికొచ్చి ఏం లాభం పెద్దమ్మా?" అని కసిరాను.

"రెండు పూట్లా చేయిత్తానే ఉన్నానమ్మా" అంది. నేను నమ్మలేదు.

జనవరిలో ఒకరోజు మా అమ్మాయి బొమ్మల పుస్తకం క్లినిక్ బల్ల మీద ఉండిపోయింది. అందులో ఒక పిల్ల పిట్టగోడను గుర్రమనుకుని ఎక్కి, ఊళ్లూ కొండలూ దాటిపోతుంది. లిఖిత అది చూసి "నాక్కూడా గుర్రం కావాల" అంది. బోల్‌స్టర్ తెచ్చి "ఇదిగో" అన్నాను. నా చున్నీయే కళ్లెం. ఈసారి ఏడవలేదు. మాచర్ల దాకా పోయొస్తానంటూ నాలుగు నిమిషాలు పడిపోకుండా కూర్చుంది.

"ఇంట్లో బొంత చుట్టి రోజూ ఇలాగే కూర్చోబెట్టు పెద్దమ్మా" అన్నాను. కోటమ్మ ముఖం చిన్నబోయింది.

"ఆడపిల్లని అట్టా కాళ్లు ఎడంగా పెట్టి కూకోబెడితే నలుగురూ ఏమనుకుంటారమ్మా? నేను మోకాళ్లు రెండూ దగ్గరికి చేర్చి, తువ్వాలు కట్టి మరీ కూకోబెడతన్నా."

రెండు పూటలా చేయించిన మాట నిజమే. మిగతా రోజంతా ఆ కాళ్లు కట్టేసి ఉంటున్నాయి. ఆమెను తిట్టానే గాని, పిల్ల ఇంట్లో ఎలా కూర్చుంటుందని ఒక్కసారైనా అడగలేదు. తప్పు నాది. తువ్వాలు ఎందుకు కట్టకూడదో చెప్పబోతుంటే, లిఖిత పుస్తకం ఎత్తి చూపించింది.

"ఇదీ ఆడపిల్లే గదా నాయనమ్మా. రెండు జడలున్నయ్ చూడు. కాళ్లు అటొకటి ఇటొకటి ఎయ్యకపోతే గుర్రం పడేత్తది."

కోటమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుంది. "ఈ పుస్తకం మాకిత్తావా అమ్మా? ఇంటికాడ అడిగినోళ్లకి చూపిత్తా" అంది.

జూన్‌లో బడి తెరిచిన రోజు నేనూ వెళ్లాను. లిఖిత పాదాలు ఎడంగా నేలకు ఆనించి, గంట దాటినా బెంచీ మీద నిటారుగా కూర్చునే ఉంది. "ఇంక చాలమ్మా" అంటూ మేష్టారే రిజిస్టరు తెరిచి పేరు రాశారు. డిగ్రీ పట్టా అందుకున్న రోజు కూడా నేను అంత గర్వపడలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

కండరాలు ఎందుకు బిగుస్తాయో కాలేజీలో చదువుకున్నాను. మర్యాద కూడా బిగిస్తుందని కోటమ్మ దగ్గర నేర్చుకున్నాను.