అడుగు గిన్నెలో పెంకుపురుగులు

మా అక్క చేతుల మీద ఒట్టు, ఈ ప్రయాణం గురించి రాసే ప్రతి అక్షరం నిజం.

ఆ చేతుల కోసమే బయలుదేరాను. మందమర్రి పక్కన ఆమెకు ఎకరన్నర చెలక ఉంది. నాలుగేళ్లుగా అందులో వయ్యారిభామ కలుపు పంటను మించి లేస్తోంది. దాన్ని పీకి పీకి అక్క చేతులు మోచేతుల దాకా పగిలి రసి కారుతున్నాయి. ఆ కలుపును మాత్రమే తింటాయని మెక్సికో నుంచి తెప్పించిన పెంకుపురుగులను కరీంనగర్‌లో ఒక వ్యవసాయ కార్యాలయం వెనక మడిలో పెంచుతున్నారు. కొన్ని ఇమ్మని అడిగితే ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కడో పొద్దుతిరుగుడు ఆకు కూడా కొరికినయట. అది తేలేదాకా ఒక్క పురుగు కూడా గేటు దాటొద్దని ఆర్డరు."

మరునాడు పొద్దున్నే నలభై పురుగులు గేటు దాటాయి. నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్‌లో పైన జొన్నరొట్టెలు, వంకాయ కూర, తొక్కు. అడుగు గిన్నెలో పురుగులు, వాటి దారిబత్తెం కింద పిడికెడు వయ్యారిభామ ఆకు.

ఏడున్నరకు పెద్దపల్లి బస్సెక్కాను. మీరు వెళ్తే ఎడమవైపు కూర్చోండి, కుడివైపు ఎండ కొడుతుంది. కండక్టరు క్యారియర్‌కు చెవి ఆనించాడు.

"దీంట్ల ఏందో గీకుతున్నదే?"

"మా చుట్టాలు. మెక్సికోల ఉంటరు."

"ఎంతమంది?"

"నలభై."

"పన్నెండేండ్లు నిండినయా?"

"ఇంకా లే."

"అయితే అందరికి కలిపి అర టిక్కెట్టు" అని చింపి ఇచ్చాడు.

పెద్దపల్లికి తొమ్మిదింటికి రావాల్సిన పాసింజరు పదింటికి వచ్చింది. స్టేషను బయటి మిరపకాయ బజ్జీలు ఆ గంటను మరిపించాయి. రైలు పెట్టెలో నా ఎదుట రెండో షిఫ్టుకు పోయే బొగ్గుగని కార్మికుడు కూర్చున్నాడు.

"ఏం కూర కాకా?"

"వంకాయ." రొట్టె పంచుకున్నాం.

"మరి అడుగుదాంట్ల?"

మూత సందు చేసి చూపించి, సంగతంతా చెప్పాను.

"మా బొగ్గుబాయిలకు మందుగుండు దిగాల్నంటె మూడు సంతకాలు గావాలె. పానమున్నదానికి ఒక్కటి గూడ లేదా?" అన్నాడు.

నవ్వాను గానీ, గోదావరి వంతెన దాటినా ఆ మాట నన్ను వదల్లేదు.

పన్నెండున్నరకు అక్క ఇల్లు చేరాను. పుట్టింటి క్యారియర్ కనబడితే లాక్కుని వంటింట్లోకి పోవడం ఆమె అలవాటు. నేను నోరు తెరిచేలోపే గిన్నెలన్నీ విడిపోయాయి.

"ఓ తమ్మీ! గీ పురుగులేంది?"

చెప్పాను. గుడ్డ చుట్టిన చేతుల్లో గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ పీకుడు తప్పితే బతుకుత. సారు రాసిచ్చిన కాయితమేది?"

"ఇయ్యలే."

"ఎందుకియ్యలే?"

పొద్దుతిరుగుడు సంగతి చెప్పక తప్పలేదు. అక్క నన్ను చెలక గట్టు మీదికి తీసుకుపోయింది. అవతల పక్కింటామె చేను, నిండా పొద్దుతిరుగుడు, అప్పుడే మొగ్గ తొడుగుతోంది.

"నా చేతులు మానుతయి, సరే. గామె పంట వోతె నీ మెక్సికోళ్లొచ్చి కట్టిస్తరా?"

మా ఇళ్లలో పుట్టింటి గిన్నె ఖాళీగా తిరిగిపోదు. మరునాడు పొద్దున క్యారియర్ నిండుగానే నా చేతికొచ్చింది. పైన గారెలు, అడుగున అవే పురుగులు. మరో చేతికి, పక్కింటామెను అడిగి మట్టిగడ్డతో పెకిలించిన రెండు పొద్దుతిరుగుడు మొక్కలు.

"గా సారు ముందట పెట్టు. తింటయో తినయో కండ్లతోని చూసి కాయితం రాయమను. రాసేదాక ఆడికెల్లి లేవకు."

తిరుగు రైల్లో మొక్కలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పోయేటప్పుడు ఆ కార్మికుడికొక్కడికే చూపించిన గిన్నెను ఈసారి అడిగినవాళ్లందరికీ చూపించాను. ఆఫీసరు బాగా తిట్టాడు. తర్వాత మొక్కలనూ పురుగులనూ కలిపి దోమతెర కట్టాడు. ఎనిమిది రోజులు చూడాలట. ఇది రాస్తున్నది ఆ ఆఫీసు అరుగు మీదే. ఇవాళ ఐదో రోజు.

ఒకటి ఒప్పుకోవాలి. కండక్టరు క్యారియర్ వంకైనా చూడలేదు. ఆ అర టిక్కెట్టు నేను అల్లింది. ఒట్టు పెట్టింది అక్క చేతుల మీద. అవి పడుతున్న బాధ చాలు, పైన నా అబద్ధం కూడా ఎందుకు? కాగితం రాసేదాకా ఈ అరుగు దిగను.